32 ఆటలు గెలిచినవాడు ఆఖర్న 1,399 మాత్రమే కాశాడేంటి?

విద్యానగర్_విహారి
అమెరికా టీవీ క్విజ్ షో జెపర్డీ 2019 జూన్ 3 ఎపిసోడ్ క్లిప్పు మళ్లీ అందరి ఫోన్లలో తిరుగుతోంది. జేమ్స్ హోల్జావర్ వరసగా 32 ఆటలు గెలిచి, 33వ ఆటలో ఎమ్మా బెట్చర్ చేతిలో ఓడిన రోజు. ఆఖరి ప్రశ్న చూడకముందే ప్రతివాళ్లూ తమ స్కోరులోంచి పందెం కాయాలి, కరెక్టయితే అంత కలుస్తుంది, తప్పితే అంత పోతుంది. ఆ ఫైనల్ ప్రశ్నకి ముందు ఎమ్మా 26,600 డాలర్లు, జేమ్స్ 23,400, మూడో ఆయన జే 11,000. రోజూ వేలకి వేలు గుమ్మరించిన మనిషి ఆఖర్న కాసింది 1,399! ముగ్గురూ సరైన జవాబే రాశారు. ఎమ్మా 46,801, జేమ్స్ 24,799. ఉన్నదంతా కాసుంటే 46,800 అయ్యేది కదా. కామెంట్లలో సగం మంది కావాలనే ఓడాడంటున్నారు. నాకూ అదే అనుమానం. కాదంటే ఎందుక్కాదో చెప్పండి.

ఉస్మానియా_బిస్కట్
46,801 పెద్దదా, 46,800 పెద్దదా? నీ ప్రశ్నలోనే జవాబుంది, చూస్కో.

విద్యానగర్_విహారి
ఒక్క డాలర్ తేడా అని తెలుసు. కానీ ఎమ్మా ఎంత కాస్తుందో అతనికి ముందే ఎలా తెలుస్తుంది? పందెం రాసేటప్పుడు ఒకరిది ఒకరికి కనపడదుగా.

లెక్కల_పక్షి
కనపడక్కర్లేదు. స్కోర్లు కనపడితే చాలు, పందెం ఎవరైనా ఊహించొచ్చు.

లీడులో ఉన్నవాళ్లు వేసే లెక్క ఒకటే. వెనకున్నవాడు అంతా కాసి కరెక్ట్ చెబితే ఎంతవుతుంది? 23,400 రెట్టింపు 46,800. దానికి ఒకటి కలిపితే 46,801. అందులోంచి తన 26,600 తీసేస్తే 20,201. ఎమ్మా సరిగ్గా అంతే కాసింది. అంటే ఎమ్మా జవాబు కరెక్టయితే జేమ్స్ ఎంత కాసినా దండగే. ఆ దారి మూసుకుపోయింది.

ఇక మిగిలింది ఎమ్మా తప్పు చెప్పే దారి. అప్పుడు ఆమె 26,600 లోంచి 20,201 పోయి 6,399కి పడిపోతుంది. ఆమెని దాటడం జేమ్స్‌కి సమస్యే కాదు. సమస్య జే. అతను 11,000 మొత్తం కాసి గెలిస్తే 22,000. కాబట్టి తన జవాబు తప్పైనా జేమ్స్ 22,001కి కిందికి దిగకూడదు. 23,400 లోంచి 22,001 తీస్తే ఎంతో చూడండి. 1,399.

పిరికితనం కాదు, కుట్ర కాదు, తీసివేత.

బర్కత్‌పుర_భాయ్
అరె, గట్లైతే సున్నా కాయొచ్చు గదా అన్నా. 23,400 గట్లనే ఉంటది, 22,000 కంటే ఎక్కువనే. గా 1,399 దేనికి?

లెక్కల_పక్షి
మంచి ప్రశ్న భాయ్. గెలుపు వరకే చూస్తే సున్నాకీ 1,399కీ దాదాపు తేడా లేదు. కానీ జెపర్డీలో గెలిచినవాడే తన స్కోరు మొత్తం డబ్బుగా ఇంటికి తీసుకెళ్తాడు. ఓడినవాళ్లకి ఆ రోజుల్లో రెండో స్థానానికి 2,000, మూడో స్థానానికి 1,000, అంతే. ఒకవేళ ఎమ్మా తప్పి, జేమ్స్ కరెక్ట్ చెబితే ఆ 1,399 పైసొమ్ము. తప్పినా ఆట పోదు. నష్టం లేకుండా కాయగలిగిన గరిష్ఠం అదే. వంద కాస్తే వంద, 1,399 కాస్తే 1,399. మనిషి వృత్తే స్పోర్ట్స్ మీద పందేలు కాయడం. ఫ్రీగా వచ్చేది వదులుతాడా?

బర్కత్‌పుర_భాయ్
సమజైంది. బిర్యానీల ఎక్స్‌ట్రా మిర్చీకా సాలన్ లెక్క.

అత్తాపూర్_అలేఖ్య
పక్షి గారూ, లెక్క బాగానే ఉంది కానీ ఒక చోట ఒప్పుకోను. ఎమ్మా కచ్చితంగా 20,201 కాస్తుందని రాసిపెట్టి ఉందా? జేమ్స్ చిన్న పందెమే వేస్తాడని ఆమె పసిగడితే సున్నా కాసి కూర్చోవచ్చు. జేమ్స్ కరెక్ట్ చెప్పినా 24,799 దగ్గరే ఆగుతాడు, ఆమె 26,600 భద్రం. అసలు 1,800 దాకా కాసి తప్పినా ఆమెకి 24,800 మిగులుతుంది. జేమ్స్ కంటే ఒక్క డాలర్ ఎక్కువ! అంటే 1,399 కాయడంలోనూ రిస్కుంది. ఎమ్మా మామూలు పందెం కాస్తుందన్న నమ్మకం మీద నిలబడిన పందెం అది.

లెక్కల_పక్షి
నిజమే. "ఫ్రీగా" అన్న మాట కొంచెం ఎక్కువైంది, ఒప్పుకుంటున్నా. కానీ ఎమ్మా వైపు నుంచి చూడండి. సున్నా కాస్తే ఆమెకి తన జవాబు మీద పట్టు పోతుంది. ఆట జేమ్స్ చేతిలోకి వెళ్తుంది. అతను అన్నీ కాసి కరెక్ట్ చెబితే ఆమె కరెక్ట్ చెప్పినా ఓటమే. ఎదుట ఉన్నది పెద్ద పందేలకి పేరుమోసిన మనిషి. 20,201 కాస్తే "నాకు జవాబు తెలిస్తే నన్నెవరూ ఆపలేరు" అన్న భరోసా ఉంటుంది. లీడులో ఉన్న ఎవరైనా వదులుకోకూడనిది అదే.

విద్యానగర్_విహారి
సరే, ఎమ్మా మామూలుగానే కాస్తుంది అనుకుందాం. అంతా కాయడం కంటే 1,399 ఎంత మెరుగో అంకెల్లో చెప్పగలరా?

లెక్కల_పక్షి
ఇదే ఆట వందసార్లు ఆడారనుకోండి. ఇద్దరూ తలా 60 సార్లు కరెక్ట్ చెబుతారనుకుందాం, ఊరికే లెక్క కోసం.

1,399 కాస్తే: ఎమ్మా తప్పిన 40 సార్లూ జేమ్స్‌దే గెలుపు. తన జవాబుతో పనే లేదు.

అంతా కాస్తే: ఎమ్మా తప్పాలి, తాను కరెక్ట్ చెప్పాలి. 40లో 60 శాతం, అంటే 24. ఇద్దరూ తప్పితే జేమ్స్ సున్నా, ఎమ్మా 6,399.

40 ఎక్కడ, 24 ఎక్కడ! పైగా నిజంలో 24 కూడా రాదు. ప్రశ్న కష్టమైనదైతే ఇద్దరికీ కష్టమే. ఎమ్మాలాంటి మనిషి తప్పే ప్రశ్నని జేమ్స్ ఒక్కడే పట్టుకోవడం అరుదు.

ఉస్మానియా_బిస్కట్
ఎంసెట్ కోచింగ్‌లో ఇలా చెప్పుంటే ప్రాబబిలిటీ చాప్టర్ వదిలేసేవాళ్లు కాదు జనం.

కాచిగూడ_క్విజ్‌పిచ్చి
కుట్ర బ్యాచ్‌కి ఇంకో లెక్క. అప్పటికి జేమ్స్ 32 ఆటల్లో గెలిచింది 2,462,216. కెన్ జెన్నింగ్స్ 74 గెలుపుల రికార్డు 2,520,700. తేడా 58,484. ఆ రోజు అంతా కాసి గెలిచినా 46,800, రికార్డు అందదు. అంటే ఎలాగైనా ఇంకో రోజు ఆడాల్సిందే. అంత దగ్గరికొచ్చినవాడు కావాలని ఎందుకు ఓడతాడు?

బజర్_బాబాయ్
అందరూ ఫైనల్ పందెం చుట్టూనే తిరుగుతున్నారు. ఆట పోయింది అక్కడ కాదు, డైలీ డబుల్స్ దగ్గర.

తెలియనివాళ్ల కోసం: బోర్డు మీద మొదటి రౌండులో ఒకటి, రెండో రౌండులో రెండు డైలీ డబుల్స్ దాక్కుని ఉంటాయి. అది తగిలినవాళ్లు బజర్ పోటీ లేకుండా తామొక్కరే ఆడతారు, ఉన్న స్కోరంతా కాయొచ్చు. జేమ్స్ పద్ధతేంటంటే, అడుగు వరసలోని ఖరీదైన ప్రశ్నలు ముందు లాగి డబ్బు పోగేయడం, ఆ తర్వాత డైలీ డబుల్ దొరికితే పోగేసిందంతా దాని మీద దింపడం. రెండు పనులూ ఆ వరసలోనే జరగాలి.

ఆ రోజు ఏమైంది? మొదటి రౌండు డైలీ డబుల్ అతనికి మొట్టమొదటి ప్రశ్నకే తగిలింది. స్కోరు సున్నా. సున్నా ఉన్నప్పుడు కాయగలిగేది ఆ రౌండులోని పెద్ద ప్రశ్న విలువ వరకే, అంటే 1,000. కాసేపు ఆగి తగిలుంటే దాని విలువ ఎన్నో రెట్లు ఉండేది. చెయ్యి కడక్కుండానే విస్తరి తీసేసినట్టయింది. రెండో రౌండులోని రెండూ ఎమ్మాకి దొరికాయి. జేమ్స్ ఆయుధం జేమ్స్ మీదే తిరిగింది.

అత్తాపూర్_అలేఖ్య
బాబాయ్ పాయింటుకి నా ఓటు. ఎమ్మాది అదృష్టం మాత్రమే అనుకోకండి. ఆవిడ చికాగో యూనివర్సిటీ లైబ్రేరియన్. మాస్టర్స్‌లో రాసిన పేపరే జెపర్డీ ప్రశ్నల కష్టాన్ని, వాటి మాటల్ని బట్టి కంప్యూటర్ ముందే చెప్పగలదా అన్న దాని మీద.

బర్కత్‌పుర_భాయ్
ఏంది?! పరీక్ష పేపర్ మీదనే పీజీ చేసిందా. ఇగ ఏం ఆపుతరు.

కాచిగూడ_క్విజ్‌పిచ్చి
ఒక్క డాలర్ గొడవ అంటే జెన్నింగ్స్ ఓడిన ఆట కూడా గుర్తుచేసుకోవాలి. 2004 నవంబర్ 30. జెన్నింగ్స్ 14,400, నాన్సీ జెర్గ్ 10,000. ఆమె కాసింది 4,401. కరెక్ట్ చెబితే 14,401 అవుతుంది, అంటే జెన్నింగ్స్ అప్పటి స్కోరు కంటే ఒకటి ఎక్కువ. జెన్నింగ్స్ పక్షి గారి సూత్రం ప్రకారమే 5,601 కాశాడు. కరెక్టయితే 20,001, ఆమె రెట్టింపు 20,000ని దాటేస్తుంది. ప్రశ్న: 70,000 మంది సీజనల్ ఉద్యోగులు ఏడాదికి నాలుగు నెలలే పనిచేసే సంస్థ ఏది? జవాబు పన్ను రిటర్నులు వేసిపెట్టే హెచ్ అండ్ ఆర్ బ్లాక్. జెన్నింగ్స్ ఫెడెక్స్ అని రాసి 8,799కి పడ్డాడు.

ఇక్కడ పందెంలో తప్పు లేదు. జవాబు తప్పింది.

విద్యానగర్_విహారి
మరి సమానమైతే? 4,400 కాసుంటే?

కాచిగూడ_క్విజ్‌పిచ్చి
అప్పట్లో సమానమైతే ఇద్దరూ గెలిచినట్టే, ఇద్దరికీ డబ్బు, ఇద్దరూ మర్నాడు ఆడేవాళ్లు. 2007 మార్చి 16న ముగ్గురూ 16,000 దగ్గర ఆగారు. లీడర్‌కి 13,400, మిగతా ఇద్దరికీ తలా 8,000. వాళ్లిద్దరూ అంతా కాశారు. లీడర్ 2,601 బదులు 2,600 కాశాడు, కావాలనే. ఒక్క డాలర్ దానం! ముగ్గురూ కరెక్ట్, ముగ్గురూ విజేతలే. 2014 చివర్లో ఆ పద్ధతి తీసేశారు. ఇప్పుడు సమానమైతే ఇంకో ప్రశ్న వేస్తారు, బజర్ ముందు నొక్కి కరెక్ట్ చెప్పినవాడిదే ఆట. కాబట్టి ఆ దానధర్మాలకి కాలం చెల్లింది, ఒకటి కలపాల్సిందే.

ఉస్మానియా_బిస్కట్
మన పెళ్లి చదివింపులు కూడా ఇదే రూలు. 500 కాదు 501, 1,000 కాదు 1,116. పూర్వీకులు ఫైనల్ జెపర్డీ ఆడినవాళ్లే.

నల్లకుంట_నాని
మన మీలో ఎవరు కోటీశ్వరుడులో ఇలాంటి పోటీ ఎందుకుండేది కాదు?

బజర్_బాబాయ్
అందులో హాట్ సీటు ఎక్కాక ఎదురు ఆటగాడే ఉండేవాడు కాదు నానీ. మనిషికీ ప్రశ్నకీ మధ్య ఆట. ఒకరితో ఒకరు తలపడేది ఫాస్టెస్ట్ ఫింగర్ దగ్గరే. అక్కడా వేగం రెండోది, వరస సరిగ్గా ఉండటం మొదటిది. అందరికంటే ముందు నొక్కిన తప్పు వరస కంటే మూడు సెకన్లు ఆలస్యమైన సరైన వరసే గెలిచేది.

జెపర్డీ బజర్ ఇంకో రకం. యాంకర్ ప్రశ్న చదవడం పూర్తయ్యేదాకా బజర్లు పనిచెయ్యవు. చదవడం అయ్యాక పక్కనున్న మనిషి స్విచ్ వేస్తాడు, బోర్డు పక్కన లైట్లు వెలుగుతాయి. అంతకుముందే నొక్కితే పావు సెకను నీ బజర్ లాక్. ఆ పావు సెకనులో పక్కవాడు కొట్టేస్తాడు. లైటు చూసి నొక్కుదామంటే కన్ను చూసి, వేలు కదిలేసరికే సుమారు పావు సెకను అయిపోతుంది. అందుకే ముదుర్లు లైటు చూడరు. ప్రశ్న తెర మీద పడగానే మనసులో చదివేసుకుని, యాంకర్ నోట చివరి అక్షరం పడే లయని పట్టుకుని నొక్కుతారు. నొక్కాక కూడా ఒక్కసారితో ఊరుకోరు, టకటకా నొక్కుతూనే ఉంటారు, మొదటిది తొందరైనా లాక్ వదలగానే తర్వాతది తగులుతుందని.

నల్లకుంట_నాని
బీబీసీ మాస్టర్‌మైండ్‌లో సమానమైతే పాస్‌లు లెక్కపెడతారట కదా?

కాచిగూడ_క్విజ్‌పిచ్చి
అవును, తక్కువ పాస్‌లు చెప్పినవాళ్లు గెలుస్తారు. అందుకని పాస్ బదులు ఏదో ఒకటి వాగెయ్యాలి అనుకుంటారు, కానీ దాంట్లో మెలికుంది. తప్పు చెబితే యాంకర్ అక్కడికక్కడ సరైన జవాబు చదువుతాడు, గడియారం నడుస్తూనే ఉంటుంది. పాస్ అంటే జవాబులు రౌండు చివర్లో చెబుతాడు, టైం మిగులుతుంది. పొట్టి జవాబు తడితే వాగెయ్యడం, ఏమీ తట్టకపోతే రెండో ఆలోచన లేకుండా పాస్. నీళ్లు నమలడం మాత్రం రెండింటికంటే దండగ.

మియాపూర్_మాధవి
మా సొసైటీలో వినాయక చవితికి ఆరు టీముల క్విజ్ అనుకుంటున్నారు. ఈ పందెం రౌండు పెట్టొచ్చా, లేక మన పౌన్స్ పద్ధతే మేలా?

కాచిగూడ_క్విజ్‌పిచ్చి
ఆరు టీములకి పౌన్స్, బౌన్సే మేలండీ. 1972 నుంచి కె సర్కిల్ క్విజ్ క్లబ్ నడుస్తున్న ఊరు మనది, జనానికి ఆ పద్ధతి అలవాటే. ప్రశ్న చదవగానే పౌన్స్‌కి 15 సెకన్లు. చీటీ మీద రాసి వాలంటీర్ చేతికివ్వాలి. కరెక్టయితే 10, తప్పయితే మైనస్ 5. పౌన్స్ మూసేశాక, పౌన్స్ చెయ్యని టీములకి వరసగా బౌన్స్, అంటే ఒక టీముకి రాకపోతే ప్రశ్న తర్వాతి టీముకి వెళ్తుంది. సగం ప్రశ్నలయ్యాక వరస తిప్పండి, లేకపోతే ఆఖరి టీముకి మిగిలినవే దొరుకుతాయి. చీటీలు సరైన జవాబు చెప్పేదాకా ఎవరికీ చూపించొద్దు, వాలంటీర్ ముఖం చూసి కూడా కనిపెట్టే ఘనులుంటారు.

అత్తాపూర్_అలేఖ్య
దగ్గరి పోటీ అక్కడా వస్తుంది మాధవి గారూ. ఆఖరి ప్రశ్న, మీకు 10 లీడు. ఎదుటివాళ్లు పౌన్స్ కొడితే టై. మీరు నమ్మకం లేకుండా పౌన్స్ చేసి తప్పితే 5 పోయి, వాళ్లది కరెక్టయితే 5 తేడాతో ఓటమి. లీడు 10 దాటితే చీటీ ముట్టుకోకుండా చేతులు కట్టుకుని కూర్చోవాలి. టై రూలు మాత్రం మైకు పట్టుకోకముందే ప్రకటించండి. టై అయ్యాక రూలు చెబితే మండపం దగ్గరే పంచాయితీ.

మియాపూర్_మాధవి
టై బ్రేకర్‌కి బజర్లు కావాలిగా. కొనాలా?

సోల్డరింగ్_సత్తి
కొనొద్దండీ, కోఠి గుజరాతీ గల్లీలో సామాను దొరుకుతుంది. ఒక ఆర్డ్యునో ఊనో (ప్రోగ్రాం రాసుకోగల చిన్న సర్క్యూట్ బోర్డు), ఆరు పెద్ద పుష్ బటన్లు, ఆరు ఎల్‌ఈడీలు, వాటికి 220 ఓమ్‌ల రెసిస్టర్లు, ఒక చిన్న బజర్, క్విజ్ మాస్టర్‌కి ఒక రీసెట్ బటన్. బటన్లని 2 నుంచి 7 దాకా పిన్నులకి కలపండి, రెండో కాలు గ్రౌండుకి.

చాలామంది దెబ్బతినేది మూడు చోట్ల. వైరు పది మీటర్లుంటే బోర్డు లోపలి పుల్-అప్ (బటన్ నొక్కనప్పుడు పిన్నుని 5 వోల్టుల దగ్గర నిలబెట్టే రెసిస్టర్) బలం చాలదు, ఫ్యాన్ స్విచ్ వేసినా బజర్ మోగుతుంది. ప్రతి బటన్ పిన్ను నుంచి 5 వోల్టులకి 4.7 కిలో ఓమ్‌ల రెసిస్టర్, పిన్నుకీ గ్రౌండుకీ మధ్య 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ వెయ్యండి. రెండోది, ప్రోగ్రాంలో డిలే (కాసేపు ఆగమనే ఆదేశం) అన్న మాటే రాకూడదు. అది నడుస్తున్నంతసేపు ఎవరు నొక్కినా బోర్డుకి తెలీదు, తెలిసేసరికి లైన్లో ముందున్న ఒకటో టీముకే పేరొస్తుంది. మూడోది, పిన్నుల్ని ఒక్కొక్కటిగా చదవొద్దు. 2 నుంచి 7 దాకా ఒకే పోర్టులో (ఒకేసారి చదవగలిగే పిన్నుల గుంపులో) ఉంటాయి, ఆ పోర్టు మొత్తాన్ని ఒక్కసారే చదివెయ్యండి. మొదటి నొక్కు దొరకగానే మిగతావి లాక్ చేసి, ఆ తర్వాతే లైటు, మోత.

ఉస్మానియా_బిస్కట్
ఒకటో టీములో సొసైటీ ప్రెసిడెంటు ఉంటే ఆ డిలే ఉంచెయ్యి సత్తీ, పర్మిషన్ తొందరగా వస్తుంది.

లెక్కల_పక్షి
విహారి గారూ, అర్థమైందో లేదో చూద్దాం. లీడర్ 15,000, మీరు 10,000, మూడోవాడు 4,000. మీరెంత కాస్తారు?

విద్యానగర్_విహారి
లీడర్ కాసేది 5,001, నా రెట్టింపు 20,000ని దాటడానికి. తప్పితే అతనికి 9,999 మిగులుతుంది. మూడోవాడు ఎగిరినా 8,000. కాబట్టి 8,001 దగ్గర ఆగితే చాలు, 1,999 కాస్తా.

అత్తాపూర్_అలేఖ్య
తప్పితే 8,001. లీడర్ 9,999.

విద్యానగర్_విహారి
అబ్బా. సున్నా. సున్నా కాస్తే 10,000, ఒక్క డాలర్ తేడాతో నేనే.

బర్కత్‌పుర_భాయ్
మరి మూడోటోడు ఏం జెయ్యాలె?

లెక్కల_పక్షి
లీడర్ 5,001 కాశాడంటే తప్పినా 9,999. వీడు ఎంత ఎగిరినా 8,000. జవాబు రాసే తెర మీద ఇంట్లోవాళ్లకి హాయ్ రాసుకోవచ్చు.